హైమా దాటినంక

హైమా దాటినంక రోడ్డుకు ఒంపు ఉండదు.
స్టీరింగు మీద చెయ్యి పెట్టుడు ఉత్త మర్యాద.
వెనుక ఫ్రిజ్ డబ్బాల పద్దెనిమిది టన్నుల కోళ్లు,
గడ్డ కట్టి, ఏ ఊసూ లేకుంట.
ముంగట ఎండ.
ఎండల నీళ్లున్నట్టు ఒక అబద్ధం.

నిద్ర ఆపుకునేటందుకు కొందరు పాన్ నములుతరు,
నేను బండి ఆపి ఫొటోలు గుంజుత.
ఫోను అద్దం ఓ మూలకు పగిలింది.
నా ఫొటోలన్నిట్ల ఆకాశానికి ఒక గీత.

గోల్ చక్కర్ నడుమ సిమెంటు గావా కూజ,
రెండంతస్తులెత్తు,
పక్కన మనిషి పట్టే కప్పులు మూడు,
ఒక కప్పుల పావురం గుడ్లు పెట్టింది.
పంచర్ షాపు ముంగట పాత టైర్లతోని కట్టిన ఒంటె.
మూపురం మాత్రం ట్రాక్టరుది.
దాని నీడల నిజం ఒంటె పండుకొని
గుంజుకో, నాకేంది అన్నట్టు నెమరేస్తున్నది.
సముద్రం జాడ లేని కాడ ఇసుకల పడవ.
హారన్ కొడ్తె
పడవలకెల్లి పిలగాడు చాయ్ పట్టుకొని దిగుతడు.

రూముల దుబ్బరాజం అంటడు:
అందరు మాల్ ముంగట ఫొటో దిగుతరు,
నీకేంది ఈ పాడుబడ్డ కొట్టాల పిచ్చి?
ఏం జెప్పాలె.
మాల్ మల్ల ట్రిప్పుకు గూడ ఉంటది గదా.

మొయ్దూట్టి హోటలు పాత రోడ్డు మీద.
డబల్ రోడ్డు పడ్డంక
అక్కడికి లారీల చప్పుడు వస్తది, లారీలు రావు.
నేను దిగి పోత.
మ్యాపుల గీత పక్కకు జరిగితె ఆఫీసుకెల్లి ఫోను.
టైర్ల గాలి చూస్తున్న సారూ, అంట.

ఆ బోర్డు రాసింది మనాయనే,
మెట్‌పల్లి దిక్కు గుండేటి ఓదెలు.
ఇరవై ఏడేండ్ల కింద,
మూడు రియాళ్లు, రెండు ఆమ్లెట్లు కూలి.
సదువు రాదు, చేతికి మాత్రం వచ్చు.
చీటీల ఉన్నది ఉన్నట్టు దించిండు,
ఆఖరి అక్షరం నెత్తిన చుక్క ఒక్కటి ఇడిసి.
బోర్డులు చూసుకుంటనే అరబ్బీ నేర్చినోన్ని నేను,
మొదటిసారి చూసి రోడ్డు మీదనే నవ్విన.
చుక్క ఉంటె ఖుబుజు, రొట్టె.
చుక్క పోతె ఖబర్.
వేడి రొట్టె రాయమంటె
వేడి కబురు రాసిండు ఓదెలు.

మొదట్ల బద్దూ ముసలోళ్లు నవ్వులకే అడిగిండ్రట,
ఏం కబురు, వేడిదేనా?
తర్వాత నిజంగనే అడిగిండ్రు.
ఇగ మొయ్దూట్టికి తప్పలె.
ఎవరి లారీ బోర్ల పడ్డది,
ఎర్ర తాడు ఒంటె ఎటు పోయింది,
ఏ బాయిల నీళ్లు తియ్యగున్నయి,
ఒక నోటుబుక్కు పెట్టి రాసిండు.
రొట్టెలకన్న ముందు అవే అయిపోతుండెనట.
ఓదెలు ఏ క్యాంపుకు పోయిండో,
ఇంటికే పోయిండో.
కబురు రాసినాయన కబురు మాత్రం
ఆ బుక్కుల ఎక్కలె.

మల్ల ట్రిప్పుకు బ్రష్షు తెస్త, చుక్క పెడ్త, అన్న.
మొయ్దూట్టి గిలాస తుడుసుకుంట ఆలోచన చేసిండు.
వద్దు. ఇప్పుడు పెడ్తె అబద్ధమైతది,
రొట్టె చేసుడు బందు పెట్టి రెండేండ్లు.
చాయ్ నా ముంగట పెట్టి
అందరిని అడిగినట్టే అడిగిండు:
ఏం కబురు?

నా దగ్గర ఒకటి ఉండె.
కొత్త రోడ్డు మీద
ఇటు దిక్కు చూపెట్టే బాణం గుర్తు
పొద్దుగాలనే పీకేసిండ్రు.
గుంత ఇంక పచ్చిగనే ఉన్నది.

కోళ్ల ధర పెరిగింది, అని చెప్పిన.
ఆయన రాసుకున్నడు.

బోర్డుకు పదకొండు ఫొటోలు గుంజిన.
తుమ్రైత్ల డీజిల్ పోసుకుంట చూసుకున్న.
ఏడోదాంట్ల ఈగ వాలింది,
ఆఖరి అక్షరం నెత్తిన, సరిగ్గ చుక్క కాడ.
అండ్ల ఒక్కదాంట్ల
అది రొట్టెల హోటలు.

దుబ్బరాజానికి అదే పంపిన.
ఈగ పడ్డది, మంచిదొకటి పంపు, అన్నడు.